తలుపు వెనక సుద్దగీతలు

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మేమున్న కిరాయి ఇంటి తలుపు వెనక వరసలు వరసలుగా సుద్దగీతలుండేవి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ అవి గోడవైపు దాగి ఉండేవి, మూస్తేనే కనబడేవి. వచ్చినవాళ్ళు చూసి చిన్నపిల్లల పిచ్చిరాతలనుకునేవారు. కాదు, అవన్నీ నా ఓటములు.

పన్నెండేళ్ళ వయసులో నేను ఏడో తరగతి తప్పాను. మిగతావన్నీ గట్టెక్కి ఒక్క లెక్కల్లో బోర్లాపడ్డాను. మొదటి లెక్క దగ్గరే సగం సమయం పోగొట్టుకుని, చివరి పేజీలో ఏముందో చూడకుండానే కాగితం ఇచ్చి వచ్చాను. తప్పడం ఒక ఎత్తు, దాని వెనక కాచుకుని ఉన్నది ఇంకో ఎత్తు. నాకంటే ఏడాది చిన్నదైన మా చెల్లెలు ఆరు పాసై ఏడులోకి వచ్చింది. జూన్‌లో బడి తెరిస్తే ఇద్దరం ఒకే తరగతిలో, బహుశా ఒకే బెంచీ మీద కూర్చోవాలి. పోతే చచ్చిపోతానన్నంత సిగ్గు నాకు. ఇక బడి ముఖం చూసేది లేదని భీష్మించుకున్నాను. అమ్మ బతిమాలింది, తిట్టింది, వీపు మీద రెండు అంటించింది కూడా. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే మా బాపు రెండు రోజులు చూసి, "సదువు వద్దంటే వద్దుతియ్. ఉప్పుగూడల మీ మేనత్త దగ్గర కుట్టుపని నేర్చుకో," అనేశాడు. నేను సరేనన్నాను. పంతం నెగ్గిందని లోపల మురిసిపోయాను కూడా, అంత మూర్ఖురాలిని.

ఇంట్లో మాతోపాటు మా తాత కూడా ఉండేవాడు. ఆయన రైల్వేలో షంటింగు పని చేసి రిటైరయిన మనిషి. యార్డులో ఒక లైన్లోని పెట్టెలను ఇంకో లైన్లోకి మార్చి బండి కూర్చడం ఆయన పని. ఏ పెట్టె ఎటు పోవాలో దాని మీదే సుద్దతో రాసేవాడట. ఉద్యోగం అయిపోయినా ఆ సుద్దముక్క ఆయన జేబు వదల్లేదు. ఒకరోజు భోజనాలయ్యాక నన్ను పిలిచి, మూలలు అరిగిపోయిన పేక దస్తా ఒకటి చాప మీద పెట్టాడు.

"గిది పేషెన్స్ ఆట. ఎదురుంగ మనిషుండడు, నీతోని నువ్వే ఆడాలె. దొంగాట లేకుండ ఒక్కటంటే ఒక్క ఆట గెలువు. నీ సదువు బంద్ చెయ్యమని మీ బాపుకు నేనే చెప్త. గెల్వకపోతివా, జూన్‌ల నోర్మూసుకొని బడికి పోవాలె," అన్నాడు.

మా ఇంట్లో తాత మాటకు తిరుగులేదు. బాపు రేపు మనసు మార్చుకున్నా తాత చెబితే ఇక ఢోకా లేదని నాకనిపించింది. పైగా ఒక్క ఆటే కదా, సాయంత్రానికల్లా తేల్చేస్తాననుకున్నాను. ఆడపిల్ల చేతికి పేకలిస్తావా అని అమ్మ వంటింట్లోంచి లొల్లి చేసింది. తాత వినబడనట్టే ముక్కలు పంచాడు.

ఏడు వరసలు. మొదటి వరసలో ఒక ముక్క, రెండోదాంట్లో రెండు, అలా ఏడోదాంట్లో ఏడు. ప్రతి వరసలో చివరి ముక్క ఒక్కటే తెరిచి ఉంటుంది, తక్కినవన్నీ బోర్లా. ఎర్ర ముక్క మీద నల్లది, నల్లదాని మీద ఎర్రది, పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ మూసినవి తెరవాలి. ఆసులు బయటపడితే వాటిని పైన పెట్టి, ఆసు నుంచి రాజు దాకా నాలుగు రంగులూ ఎక్కించాలి. మిగిలిన ముక్కలు చేతిలో ఉంటాయి.

ఆ సాయంత్రం పదకొండు ఆటలు ఓడిపోయాను. ఓడిన ప్రతిసారీ తాత లేచి, తలుపు మూసి, దాని వెనక ఒక గీత గీసి, మళ్ళీ తెరిచి వచ్చి కూర్చునేవాడు. ఆ గీత గీసే చప్పుడుకే నాకు ఒళ్ళు మండేది. మర్నాడు పళ్ళు తోముకోకుండానే పేక పట్టుకున్నాను.

నా ఆట చూస్తూ తాత అప్పుడప్పుడు ఒక మాట విసిరేవాడు. "చెయ్యి పెట్టకముందు యార్డంత ఒక్కపారి తిరిగి సూడాలె," అనేవాడు. నాకు కనబడిన మొదటి ముక్కనే జరిపేయడం అలవాటు. చిన్న వరసలు సులువుగా ఖాళీ అవుతాయని వాటి వెంట పడేదాన్ని. ఖాళీ చోట రాజును తప్ప ఇంకే ముక్కనీ పెట్టకూడదని ఆట నియమం. చేతిలో రాజు లేకుండా వరస ఖాళీ చేసి ఏం లాభం? పొడుగు వరసల కిందే ఎక్కువ ముక్కలు ఇరుక్కుని ఉంటాయని, కష్టమైనా ముందు వాటినే తవ్వాలని ముప్ఫై గీతలు దాటాక గానీ నా బుర్రకెక్కలేదు.

ఒక మధ్యాహ్నం తాత స్నానానికి లేచాడు. ఏడో వరసలో మూసి ఉన్న ముక్కల కొసలు ఎత్తి చూసుకుని, వాటికి తగ్గట్టు ఆడి గెలిచాను. ఇల్లెగిరిపోయేలా కేకేశాను. తాత తుండుతో తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, మొదటి నుంచి ఏ ముక్క ఎందుకు జరిపానో చెప్పమన్నాడు. ఏడో వరస దగ్గరికొచ్చేసరికి తడబడిపోయాను. ఆయన కోప్పడలేదు. సుద్దముక్క కూడా తీయలేదు.

"దీనికి గీత లేదు బిడ్డా. ఓడినోళ్ళకు గీతన్న దక్కుతది. దొంగాటకు గది గూడ లేదు," అన్నాడు.

అమ్మ కొట్టిన దెబ్బలకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. ఏడ్చాను, ముక్కు తుడుచుకున్నాను, మళ్ళీ పంచాను.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా ఆ ఆట పడింది. ఆటీనులో నాలుగు దాకా పైకెక్కాయి. ఐదు కూడా తెరిచి ఉంది, ఎక్కించెయ్యమని వేళ్ళు పీకుతున్నాయి. యార్డంతా ఒకసారి చూశాను. ఏడో వరస చివర డైమను మూడు అడ్డం పడి ఉంది. దాన్ని కదిలించాలంటే నల్ల నాలుగు కావాలి, ఆ నల్ల నాలుగు కూర్చోవాలంటే ఈ ఎర్ర ఐదు కిందే ఉండాలి. పళ్ళ బిగువున ఆగాను. చేతిలోని ముక్కలు ఒక్కొక్కటే తిప్పితే ఇస్పేటు నాలుగు వచ్చింది. దాన్ని ఐదు మీద, మూడును దాని మీద పెట్టి కింద ముక్క తెరిస్తే, ఆట మొదలైనప్పట్నుంచి వెతుకుతున్న కళావరు ఆసు! ఇక ఆగింది లేదు. నాలుగు రాజులూ పైకెక్కించి తాతను పిలిచాను.

తాత ఆటంతా చెప్పించుకుని విన్నాడు. ఒక్క ముక్క దగ్గర కూడా తడబడలేదు నేను. అప్పుడాయన తలుపు మూసి గీతలు లెక్కపెట్టమన్నాడు. అరవై మూడు.

"అరవై మూడుసార్లు ఓడినవ్. ఒక్కపారన్న మొకం దాసుకున్నవా?"

"లే."

"గీడ గిన్నిసార్లు ఓడి మళ్ళ పంచుకుంటివి. బడిల ఒక్కపారి తప్పితే గింత శరమెందుకే?"

తాత కొక్కెం మీది చొక్కా తీసి తొడుక్కోసాగాడు. బాపు డ్యూటీ దిగి వచ్చే వేళయింది, సందు మొదట్లోనే కలిసి చెప్పేస్తానన్నాడు. మాటంటే మాటే. ఆయన నిజంగానే చెప్పేవాడని నాకిప్పటికీ నమ్మకం. ఒక చెయ్యి దూరిన చొక్కాను రెండో వైపు నుంచి పట్టుకుని లాగాను. "వద్దు తాతా, నేను బడికి పోత," అన్నాను.

జూన్‌లో చెల్లెలి పక్కనే కూర్చున్నాను. వెనక బెంచీ పిల్లలు కిసుక్కుమన్నారు. దీనికో గీత అనుకున్నాను. ఆ ఏడాది లెక్కల కాగితం చేతికి రాగానే కలం మూత తీయకుండా చివరిదాకా తిప్పి చూశాను. పాసయ్యాను. గొప్ప మార్కులేం కాదు.

ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాన్లన్నీ బండికెక్కాక అమ్మ తడిగుడ్డతో తలుపు తుడవబోతే తాత వద్దన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ వయసులోనూ నాకు పనులు చెడుతూనే ఉంటాయి, మనుషుల దగ్గర మాటలూ తప్పుతుంటాయి. అలాంటి రోజు మనసులోని తలుపు మూసి ఒక గీత గీస్తాను. తలుపు తెరిచి, వచ్చి, మళ్ళీ పంచుకుంటాను.