షెడ్డులో వేడినీళ్ళ తొట్టి

ఎర్రోల్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ముసలివాడైన మనిషి. ఏ మర బిగిస్తున్నా నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుంటాడు. భార్య విల్మాకు కీళ్ళు బిగుసుకుపోయి, షవరు కింద నిలబడి స్నానం చేయడం కష్టమైంది. ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియా దీవిలో ఆ ఏటి చలికాలంలో అతను ఎవరి పొలంలోనో పశువులు నీళ్ళు తాగుతున్న పాత స్నానాల తొట్టి తెచ్చి, తుప్పు గీకి, పెరటి షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టాడు. కట్టెల బాయిలరు నుంచి దానికి గొట్టం కలిపాడు.

"ఏం పెద్దాయనా, బాతుల్ని పెంచుతావా?" అన్నాడు కంచె అవతల నుంచి పొరుగింటి కెల్విన్.

"మా ఆవిడ కోసంలే," అన్నాడు ఎర్రోల్, తల ఎత్తకుండానే.

వేడినీళ్ళలోకి దిగిన మొదటి రోజు విల్మా కళ్ళు మూసుకుని, "హాయిగా ఉంది," అంది. నీళ్ళు చల్లారాక లేవబోతే లేవలేకపోయింది. ఎర్రోల్ చంకల కింద చేతులు వేసి లాగాడు. తడి ఒళ్ళు జారిపోయింది. మళ్ళీ లాగితే అతని నడుం పట్టేసింది.

"కెల్విన్‌ని పిలువు," అంది విల్మా.

"నిన్నిలా వాడు చూడాలా?"

"సిగ్గుపడాల్సింది నేను కదా. చలేస్తోంది, పిలువు."

అతను తన చొక్కా విప్పి ఆమెకు కప్పి, కంచె దగ్గరికి వెళ్ళాడు. కెల్విన్ వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని ఆమెను ఎత్తి బయట కూర్చోబెట్టాడు.

మర్నాడు విల్మా తనంతట తానే వృద్ధాశ్రమానికి ఫోను చేసి, చేరతానని చెప్పింది. ఎర్రోల్ పక్కనే నిలబడి వింటున్నాడు.

"తొట్టిలోకి నిన్ను ఎత్తి దించేవాళ్ళు ఉంటారేమో, అది కూడా అడుగు," అన్నాడు.