సీటు కింద అరచేయి

పెద్దమ్మ పోయిందని మా ఆయన భద్రాచలం దవాఖానా నుంచి ఫోన్ చేసేసరికి నా చేతిలో నీళ్ల పైపు ఉంది. బండ్లు కడిగే ర్యాంపు మీద బొగ్గు దుమ్ము కొట్టుకుపోయిన జీపొకటి సగం సబ్బు నురగతో నిలబడి ఉంది. "పెద్దమ్మ పోయింది. ర్యాంపు బంద్ చెయ్యి, తీస్కొస్తున్నం" అని పెట్టేశాడు. నా మొహం చూసి జీపు డ్రైవరుకు అర్థమైపోయింది. "ఉండనీ అక్కా, గిట్లనే తీస్కపోత" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏడుస్తూనే జీపు మొత్తం కడిగాను, అడుగు రేకులతో సహా. ఎక్కిన బండిని సగంలో దించితే పెద్దమ్మ ఎవరినీ వదిలేది కాదు. ఆమె పోయిన రోజైనా సరే, ఆ పని చేయబుద్ధి కాలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మణుగూరు నుంచి పినపాక పోయే దారిలో వాటర్ సర్వీసింగ్ పెట్టుకుని పదిహేనేళ్లకు పైగా బండ్లు కడిగిన మనిషి. భర్త లారీ డ్రైవరు. ఆయన పోయాక తమ్ముళ్లు ఏన్కూరు వచ్చేయమంటే, "మీ ఇండ్లల్ల గిన్నెలు కడిగేకంటె ఈడ లారీలు కడుగుత" అని చెప్పి పంపించిందట. బోరు, మోటారు, రెండు సిమెంటు దిమ్మెల ర్యాంపు, ఇవే ఆమె ఆస్తి. డ్రైవర్లకూ పెద్దమ్మే, డ్రైవర్ల పిల్లలకూ పెద్దమ్మే. మా ఇల్లు ఆ ర్యాంపు వెనక గల్లీలోనే. అప్పట్లో నేను ప్రైవేటు బడిలో టీచర్ని, మా ఆయన ఇంకొకరి జీపుకు డ్రైవరు.

చీర పైకి దోపి, కాళ్లకు గనుల్లో తొడిగే పాత రబ్బరు బూట్లు వేసుకుని దిగేది పనిలోకి. అరచేతులు మగవాళ్ల చేతులకంటే పెద్దవి. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో లారీ తలుపులో పడి వంకర తిరిగిపోయింది. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. ప్రార్థన అయ్యాక అందరూ ఒకరినొకరు పలకరించుకుంటుంటే, ఈమె బయట నిలబెట్టిన బండ్ల చుట్టూ తిరిగేది. ఒకసారి పాస్టరు గారి స్కూటరు వెనక టైరు గోటితో గీకి చూసి, "అయ్యగారూ, ఇది మార్పియ్యున్రి. ప్రార్థన మీరు చేస్తరు గనీ బ్రేకు ఇదే గద ఎయ్యాలె" అంది. ఆయన నవ్వారు. ఆ వారంలోనే టైరు మార్పించారు.

పాత బండి కొనాలనుకున్న ప్రతివాడూ ముందు ఆమె దగ్గరికే వచ్చేవాడు. ఆమె మెకానిక్ కాదు. కాని బండిని లోపలా బయటా చేత్తో తడిమే మనిషికి తెలిసినంత మెకానిక్కుకు కూడా తెలియదని నా అభిప్రాయం. "మీటరు తక్కువే తిరిగింది పెద్దమ్మా, కొనొచ్చా?" అని అడిగితే, "మీటరెందుకు చూస్తవ్? క్లచ్ పెడల్ రబ్బరు చూడు. గది అరిగి నున్నగైతే ఇగ మీటరు ఏం చెప్పినా నమ్మకు" అనేది. "మీరు పోయేసరికే ఇంజను వేడి చేసి పెట్టిన్రా? అయితె ఏందో దాస్తున్నరు. రేపు పొద్దుగాల చెప్పకుండ పో, చల్లటి బండి స్టార్ట్ చెయ్యమను" అనేది. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోందని, బానెట్ రంగు ఒకలా తలుపు రంగు ఒకలా ఉంటే ఎక్కడో గుద్దుకుందని చెప్పేది. ఏసీ గురించి అడిగేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "బ్రేకు ముచ్చట అడగవేంది? చల్లగ పోయి గుద్దుతవా?" అని మొహం మీదే అనేసేది. ఇన్ని చెప్పి ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. కొన్న తరువాత బండి ఆమె దగ్గరే కడిగించాలి, అదొక్కటే షరతు.

గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటిన ఆ ఏడాది సంగతి చెప్పాలి. భద్రాచలం అవతలా ఇవతలా ఎన్ని బండ్లు నీళ్లలో మునిగాయో లెక్కలేదు. వరద తీశాక వాటిని బ్రోకర్లు అగ్గువకు కొని, ఆరబెట్టి, కడిగించి అమ్మకానికి పెట్టారు. మణుగూరు బొగ్గు దుమ్ము నల్లగా పైపైన అంటుకుంటుంది, పైపు పెడితే పోతుంది. అడవి దారుల ఎర్రమట్టి టైర్ల దగ్గరే ఆగిపోతుంది. గోదావరి ఒండ్రు అట్లా కాదు. పిండి కంటే మెత్తగా ఉండి, సీటు బెల్టు చుట్టలోకి, తలుపు లోపలికి, వాన చుక్క వెళ్లని చోటికల్లా వెళ్లి కూర్చుంటుంది. దాని వెనకే వైర్ల లోపల చిలుము పడుతుంది.

సరిగ్గా అప్పుడే మేము సొంత బండి కొనాలనుకున్నాం. కిరాయికి తిప్పుకుంటే ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదని మా ఆయన ఆశ. ఇద్దరం దాచుకున్నదంతా బయటికి తీశాం. మణుగూరులో ఒక బ్రోకరు దగ్గర తెల్ల వ్యాను ఉంది. పెద్దమ్మ అప్పుడే ఏన్కూరులో పెళ్లికని రెండు వారాలకు వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆగుదామని నేనన్నాను. "ఆగుడెందుకు? తలుపు తీసి వాసన చూడు, పెద్దమ్మ సబ్బే. ఆమె చేతిల పడ్డ బండికి ఇంకేం చూస్తం?" అన్నాడు మా ఆయన. నేనూ వాసన చూశాను. నిజమే, ఆమె వాడే నిమ్మ సబ్బు. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇలాంటి తెలివితక్కువ పని చేయరేమో. కడిగిన మనిషి మంచిదైతే బండీ మంచిదేనని నమ్మేశాం.

పదకొండో రోజున పినపాక దారిలో, ఇటూ అటూ అడవి తప్ప ఏమీ లేని చోట, వ్యాను ఆగిపోయింది. లోపల దవాఖానాకు పోతున్న నిండు గర్భిణి ఉంది, తోడుగా నేనూ ఎక్కాను. ఆమె తల్లి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. దేవుడి దయవల్ల బొగ్గు లారీ ఒకటి వచ్చి ఎక్కించుకుంది కాబట్టి సరిపోయింది. వ్యానును తాడు కట్టి లాక్కొచ్చి ర్యాంపు దగ్గర పెట్టాం. పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి, తలుపు అట్ట ఊడదీసి లోపల చెయ్యి పెట్టింది. మోచేతి దాకా ఒండ్రు అంటుకుని వచ్చింది. ఆ మట్టిని బొటనవేలితో నలిపి చూసింది.

"ఇది నేనే కడిగిన" అంది. "మునిగిందని తెలిసే కడిగిన. కడుగుడు నా పని, అమ్ముడు వాడి పని అనుకున్న. నా సబ్బు వాసన చూసి కొన్నరు గద బిడ్డా మీరు."

ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు, అదే చివర. తెల్లారి మా ఆయనతో వ్యానును బ్రోకరు దుకాణం ముందుకు లాగించింది. డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుంది. గొడవ లేదు, తిట్లు లేవు. బండి కొనడానికి వచ్చిన ప్రతివాడినీ పిలిచి, "ఏం బండి చూస్తున్నవ్ బిడ్డా? పెడల్ రబ్బరు చూసినవా? సీటు బెల్టు మొత్తం గుంజి చూడు, చివర ఏం రంగున్నదో" అని చెప్పడం మొదలుపెట్టింది. వచ్చినవాడు వచ్చినట్టే బెల్టు గుంజి చూసేవాడు. పసుపుపచ్చటి ఒండ్రు మరక కనిపించగానే వెళ్లిపోయేవాడు.

మధ్యాహ్నానికి బ్రోకరు బయటికి వచ్చాడు. "పెద్దమ్మా, మా పొట్ట మీద కొడ్తున్నవేంది?"

"నేనేమన్న? అడిగినోళ్లకు చెప్తున్న."

"వాళ్లు అడుగుతలేరు, నువ్వే పిలిచి చెప్తున్నవ్."

"అవ్, పిలిచే చెప్తున్న. ఈ వ్యాను వాపసు తీస్కునేదాక పిలుస్త."

రెండు రోజులు అట్లాగే కూర్చుంది. డ్రైవర్లు ఎవరో ఒకరు టిఫిను బాక్సు తెచ్చి ఇచ్చేవాళ్లు. మూడో రోజు పొద్దున బ్రోకరు మాకు ఇవ్వాల్సింది ఇచ్చేసి వ్యాను తాళం అడిగాడు. తాళం చేతికిచ్చే ముందు ఆమె వెనక సీటు ఎత్తించింది. తలుపు లోపల మిగిలిన ఒండ్రును నీళ్లతో కలిపి, కుడిచేతికి రాసుకుని, సీటు కింది రేకు మీద అదిమి పెట్టింది. ఐదు వేళ్లు, వంకర చిటికెన వేలు, అన్నీ పడ్డాయి. "ఇది గోదావరి తాగిన బండి. ఇగ నా ర్యాంపుకొచ్చిన ఏ మునిగిన బండైనా గీ ముద్దరతోనే దిగుతది. అమ్ముకో, వద్దంటలేను. చెప్పి అమ్ముకో" అంది.

అది ఊరికే కోపంలో అన్న మాటనుకున్నాం. కాదు. ఆ రోజు నుంచి మునిగిన బండి ఏదొచ్చినా అంతా అద్దంలా కడిగి, వెనక సీటు కింద అరచేయి ఆనించి, చుట్టూ నీళ్లు కొట్టేది. చేతి కింద ఉన్న మట్టి చేతి ఆకారంలోనే మిగిలిపోయేది. చెరిపేసుకున్నవాళ్లూ ఉన్నారు. కాని బండి నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. అడిగితే చెప్పేది, అడక్కపోయినా చెప్పేది. బ్రోకర్లంతా ఒక్కటై ఆమె దగ్గరికి బండ్లు పంపడం మానేశారు. ఆ వానాకాలమంతా ర్యాంపు ఖాళీగా పడి ఉంది. నేనే ఒకసారి, "ఎందుకొచ్చిన పట్టుదల పెద్దమ్మా, కడిగేసి ఊరుకోరాదూ" అన్నాను. "బొగ్గు ఉన్నన్ని దినాలు దుమ్ము ఉంటది, దుమ్ము ఉన్నన్ని దినాలు నేనుంట. నువ్వు పోయి పిల్లలకు ఎక్కాలు చెప్పుకో" అని కసిరింది. నాకు సిగ్గేసింది.

చివరికి ఓడింది బ్రోకర్లే. కొనేవాళ్లు సీటు ఎత్తి చూపించమనడం మొదలుపెట్టారు. పెద్దమ్మ దగ్గర కడిగిన బండి, సీటు కింద చెయ్యి లేని బండి కావాలన్నారు. మళ్లీ ర్యాంపు ముందు బండ్లు వరుస కట్టాయి. మా ఆయన ఇప్పుడు నడిపే వ్యాను కూడా ఆమె రెండు రోజులు తడిమి, చల్లటి ఇంజను మూడు పొద్దులు స్టార్ట్ చేయించి చూసి ఎంచిందే. ఇక ఆ తెల్ల వ్యాను అడవి పల్లెకు చెందిన ఒకాయన దగ్గరికి చేరింది. బ్రోకరు ఆ చేతి గుర్తు చూపించే అమ్మాడట. ఆయన వైరింగు మొత్తం మార్పించుకుని సంత రోజుల్లో ఇప్పపువ్వు, చింతపండు మూటలతో ఇప్పటికీ తిప్పుతున్నాడు. తెలిసి కొన్నాడు కాబట్టి ముందే బాగు చేయించుకున్నాడు. పెద్దమ్మ అడిగిందీ అంతే కదా.

నేను మొదట సెలవు రోజుల్లో సాయం వెళ్లేదాన్ని. ఆమె మోకాళ్లు పట్టేశాక బడి మానేసి పైపు పట్టుకున్నాను. టీచరమ్మ లారీలు కడుగుతోందని గల్లీలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ. పెద్దమ్మ మోటారు గది ముందు కుర్చీ వేసుకుని, "గా మూల పోలే, గా మూల" అని అరుస్తుండేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా బాగా కడిగావని అనలేదు. బీపీ మాత్రలు వేసుకోమంటే, "నా ఇంజను ముచ్చట నాకెరుక" అనేది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఏమీ ఎరుక లేదు. చివరికి ఆ బీపీతోనే పోయింది, ఇప్పటికీ నాకు కోపమే. మునిగిన బండి వస్తే మాత్రం కర్ర పట్టుకుని లేచి వచ్చి, తన చెయ్యే పెట్టేది. నన్ను ఎప్పుడూ పెట్టనివ్వలేదు.

సమాధుల తోటకు ఆమెను మా వ్యానులోనే తీసుకెళ్లాం. బయలుదేరే ముందు దాన్ని కడిగాను. దుమ్ము బండిలో ఎక్కిస్తే తిట్టేదని భయం, ఆ రోజున కూడా.

నాలుగో రోజున, మాకు తెల్ల వ్యాను అమ్మిన ఆ బ్రోకరే వచ్చాడు. కిందటి వానలకు మునిగిన ఒక కారును తెచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దమ్మ పెద్ద మనిషి, మేం కాదంటలేం. ఇగ ఆమె పాయె. మీరు సదువుకున్నోళ్లు టీచరమ్మా, గా ముద్దర లేకుండ కడుగున్రి. మా బండ్లన్ని ఇగ మీ దగ్గరికే పంపిస్త."

బండిని ర్యాంపు ఎక్కించమన్నాను. రెండు గంటలు కడిగాను. అద్దాలు, చక్రాలు, డాష్‌బోర్డు సందులు పాత టూత్ బ్రష్షుతో గీకి మరీ కడిగాను. తరువాత వెనక సీటు ఎత్తాను. కింద రేకు మీద ఒండ్రు పల్చగా, ఆరిపోయి ఉంది. పెద్దమ్మ కుర్చీ వైపు చూశాను, ఖాళీగా ఉంది. చెయ్యి తడుపుకుని రేకు మీద గట్టిగా ఆనించి చుట్టూ నీళ్లు వదిలాను.

బ్రోకరు వంగి చూశాడు. "చిన్నగున్నది గద టీచరమ్మా. చిటికెన వేలు వంకర గూడ లేదు. పెద్దమ్మ చెయ్యి గాదని చూడంగనే తెలుస్తది."

"తెలవనీ" అన్నాను. "ఇది నా చెయ్యి."

ఆయన ఏదో గొణుగుతూ వెళ్లి ఆ కారు ముందు సీట్లో కూర్చున్నాడు. నేను సీటు వెంటనే దించలేదు, ఆరనిచ్చాను. మధ్యాహ్నపు ఎండకు రేకు మీద నీళ్లు ఒక్కొక్క చుక్కే ఎగిరిపోయాయి. ఐదు వేళ్లు మాత్రం పచ్చగా, అలాగే ఉండిపోయాయి.