ఉప్పు వెయ్యని టర్నిప్ కూర

ఇయ్యాల మధ్యాన్నం మా పెరట్లో పండిన మొదటి టర్నిప్పులు మా ఆవిడ కూర వండిందండి. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం.

"ఏమే, ఉప్పు డబ్బా గానీ కూరలో బోర్లా పడిందా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఉప్పు వెయ్యడమే మర్చిపోయానండీ. ఇప్పుడే గుర్తొచ్చి తెస్తున్నాను," అని డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వంటకి మేం కొనుక్కున్న టిన్ను నీళ్ళే వాడతాం. పెరట్లోకెళ్ళి ఇంకో టర్నిప్ పీకి పచ్చిదే కొరికాను. ఉప్పన. మొక్కలకి పోసే బోరు నీళ్ళు పుక్కిలించి చూశాను. అవీ ఉప్పనే.

గోడవతల చేపల చెరువుని పోయినేడు ఉప్పునీళ్ళు పెట్టి రొయ్యల చెరువు చేశారు. అప్పట్నించీ గోడ పక్కన మట్టి మీద తెల్లగా పేరుకుంటోంది. "నీకు ఎవరో ముగ్గేసి పెడుతున్నారే" అని మా ఆవిణ్ణి ఆటపట్టించేవాణ్ణి. ఇయ్యాల చూస్తే ఆ తెలుపు టర్నిప్ మడి కూడా దాటి వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

నలభయ్యేళ్ళుగా ఆవిడ వంటకి వంకలు పెడతానే ఉన్నాను. ఇయ్యాల వంక పెట్టాల్సింది వంటకి కాదు.

మా పెదపాడు చుట్టుపక్కలోళ్ళు, రేపు మీ పెరటి కూర ఉప్పెయ్యకుండా ఓసారి రుచి చూసి చెప్పండి బాబూ.