హాల్లోకి వచ్చిన మిషను

మా ఇంట్లో హాలు ఉండేది గానీ అది మాది కాదు. వచ్చేవాళ్లది. వచ్చేవాళ్లంటే నన్ను పెళ్లిచూపులు చూసుకోవడానికి వచ్చేవాళ్లు.

నిడదవోల్లో నాన్నగారి కిరాణా కొట్టు బాగా నడిచే రోజుల్లో కొన్న సోఫాసెట్టు, దాని మీద అమ్మ కుట్టిన తెల్ల గలీబులు, గాజు టీపాయి, అద్దాల బీరువాలో ఎప్పుడూ వాడని కప్పులూ సాసర్లూ. అందులో మేమెవరం కూర్చోకూడదు. నాన్నగారు కూడా కొట్టు కట్టేసి వచ్చి అరుగు మీద కుర్చీలోనే కూర్చునేవారు. "అది మనకి కాదే" అనేది అమ్మ, నేను కాస్త ఒరిగితే చాలు.

నా ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. ఆ సోఫాలో కూర్చున్నంతసేపూ అందరికీ నచ్చేదాన్ని. లేచి నాలుగడుగులు వేసేసరికి వాళ్ల మొహాలు మారిపోయేవి. ఒకావిడైతే కాలు చాలదన్నట్టు కళ్లకి కూడా పరీక్ష పెట్టింది, సూదిలో దారం ఎక్కించమని. ఒక్క దెబ్బకి ఎక్కించి చేతిలో పెట్టాను. "మంచిది, ఫోన్ చేస్తామండి" అని వెళ్లారు. ఇంకేం ఫోను, నా మొహం!

నాన్నగారు పోయాక కొట్టు మూసేశాం. నాకొచ్చిన విద్య కుట్టు ఒక్కటే. మోటారు మిషను కొనుక్కుని వెనక వసారాలో, బట్టలు ఉతికే రాయి పక్కన పెట్టుకున్నాను. అక్కడ మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. వానొస్తే జల్లు. ఒకసారి ఎవరిదో పట్టు జాకెట్టు ముక్క తడిసి, ఎరుపు దిగి అంచంతా పాకేసింది. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు వీధి చివరి దాకా వినిపించాయి. ఆవిడ వెళ్లగానే ఆ కోపమంతా అమ్మ మీద చూపించాను.

"నాకు హాలు ఇచ్చెయ్యి. మిషను అక్కడ పెట్టుకుంటాను."

"మరి రేపు ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతామే?"

"ఎవరొస్తారే అమ్మా? నా జుట్టెంత నెరిసిందో చూశావా? ఇన్సూరెన్సు ఏజెంటు కూడా మనింటికి రావడం మానేశాడు!"

ఆ సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. ఇద్దరికీ ఒకటే మొండితనం, ఎక్కడికి పోతుంది?

వారం తిరక్కుండానే ఒక పొద్దున్న లేచి చూస్తే అమ్మ హాల్లో ఉంది. గలీబులన్నీ ఊడదీసి మడతలు పెడుతోంది. పాత సామాన్లు కొనేవాడిని తనే కేకేసింది. సోఫా గుమ్మం దాటుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత చీపురు తీసుకుని, సోఫా కాళ్ల కింద పేరుకున్న మట్టి గీకి గీకి ఊడ్చింది. "తూర్పు కిటికీ దగ్గర పెట్టుకో, వెలుతురు బాగుంటుంది" అంది. నాకు సంతోషం వేసిందంటే అబద్ధం. ఇంక నాకు పెళ్లి కాదని మా అమ్మ ఒప్పుకున్న రోజది.

వెలుతురు వచ్చింది, పనీ వచ్చింది. పెళ్లి జాకెట్లు రావడం మొదలైంది. కాజాలూ, హుక్కులూ, హెమ్మింగూ అమ్మే చేసేది, వంటింటి గుమ్మంలో కూర్చుని. అది కూడా మామూలు జాకెట్లకే. పెళ్లికూతురివి మాత్రం చచ్చినా ముట్టేది కాదు. "బొట్టు తీసేసినదాన్ని, నేను ముట్టకూడదు" అనేది. పెళ్లివారు గేటు తీస్తే చాలు, గబగబా వెనక్కి వెళ్లిపోయేది. ఎందుకలా దాక్కుంటావని నేను అరిస్తే, "నీకు తెలీదు, నువ్వూరుకో" అనేది. నిజానికి నాకూ తెలుసు. జాకెట్టు కత్తిరించే ముందు గుడ్డ మూలకి పసుపు రాసేదాన్ని నేనే కదా.

ఈ ఏడు పెళ్లిళ్ల రోజుల్లో అమ్మకి ఆయాసం ఎక్కువైంది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్పించాం. అప్పుడు హాల్లో ఒక పెళ్లికూతురి జాకెట్లన్నీ తయారై వేలాడుతున్నాయి. రావులపాలెంలో అరటి వ్యాపారం చేసే వాళ్ల అమ్మాయి. చేతుల నిండా పూసల పని. అంత పెద్ద పని నాకెప్పుడూ రాలేదు. ఇది బాగుందంటే మా బంధువుల్లో అందరికీ మీరే కుట్టాలండీ అని చెప్పింది పెళ్లికూతురి తల్లి.

ముక్కుకి పెట్టిన మాస్కు పక్కకి లాగి అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పోతే ఇంటికి తీసుకెళ్లకు. అటునుంచి అటే కానిచ్చెయ్యి."

"ఏం మాటలే అవి?"

"హాల్లో పెళ్లి బట్టలున్నాయే. మైల పడ్డ బట్టలని వద్దంటారు. తర్వాత నీ గుమ్మం ఎవరూ తొక్కరు. నా మాట విను."

"నోర్మూసుకుని పడుకో" అన్నాను. అంతకంటే మంచి మాట నా నోటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే పోయింది. అంబులెన్సు డ్రైవరు "ఎక్కడికండి?" అని అడిగాడు. పిన్ని పక్కనే ఉంది, అమ్మ చెల్లెలు. ఆమెకీ చెప్పిందట అమ్మ. "అక్క అన్నట్టే చేద్దామే, నీ బతుకు కోసమే కదా చెప్పింది" అని ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు తుడిచిన మనిషి. ఆ ఇంట్లో ఒక్క రోజూ సోఫాలో కూర్చోలేదు. చివరికి శవంగా కూడా అడ్డమే అనుకుందా? నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంటికే" అన్నాను.

కొవ్వూరు వంతెన మీద ఉండగానే రావులపాలెం ఫోన్ చేశాను. అమ్మ పోయిందని చెప్పి, మేం చేరేలోపే పక్కింటివాళ్లు తలుపు తీసి మీ బట్టలు వాళ్లింట్లో పెడతారు, మనిషిని పంపించండీ అన్నాను. చెప్పకుండా దాచొచ్చు. కానీ చావు కబురు దాగుతుందా, ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు. పెళ్లికూతురి తల్లి మర్యాదగానే అంది: "అయ్యో, పాపం అండీ. కానీ ఆ బట్టలు మాకొద్దండి. మీరు ఏమీ అనుకోకండి. పిల్ల జీవితం కదా." ఫోన్ పెట్టేసింది. అమ్మ ఇంకా గుమ్మం తొక్కలేదు. అప్పటికే అంటుకుపోయింది మైల.

ఇంటి దగ్గర పెద్దవాళ్లు అరుగు మీద పడుకోబెట్టమన్నారు. బయట పోయిన మనిషిని లోపలికి తేకూడదట. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "లోపలికి తెస్తే తెండి, లేకపోతే నేనే మోసుకొస్తాను" అని అరిచాను. ఈ కాలేసుకుని ఎలా మోస్తాననుకున్నానో! తెచ్చారు. కత్తిరించే బల్ల గోడకి నెట్టి, సోఫా ఉండే చోట చాప వేసి పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. పైన హ్యాంగర్లకి ఆ ఎర్ర జాకెట్లు అలాగే వేలాడుతున్నాయి.

జనం వచ్చారు. వీధి వీధంతా వచ్చింది, నాన్నగారి కొట్టు పక్క షాపుల వాళ్లందరూ వచ్చారు. ఇన్నేళ్లలో మా హాల్లో అంతమందిని చూడలేదు. ఎవరో పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని చుట్టూ చూసి అంది: "ఏంటమ్మా, ఇంతమంది వస్తే కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా లేదేంటి ఈ ఇంట్లో?"

ఆసుపత్రిలో ఏడవలేదు, వంతెన మీద ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు నైటీలు కుడుతున్నాను, చీరలకి ఫాల్సు వేస్తున్నాను. పెళ్లి జాకెట్లు రావడం లేదు. ఎవరైనా గేటు తీస్తే వాళ్లకి ముందు కుర్చీ వేస్తాను. వెలుతురులో వేస్తాను, తూర్పు కిటికీ దగ్గర. కూర్చోండి అంటే కూర్చోరు. పని చెప్పేసి, నిలబడే వెళ్లిపోతారు.