నల్లబల్ల మీద మూడు గళ్లు

మొన్న మా ఆవిడకు కంటి ఆపరేషన్ జరిగింది. తిరుపతిలోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతలి ఆసుపత్రిలో. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు తానూ అవ్వ వెంట వస్తానని పట్టుబట్టి, సెలవు కోసం క్లాస్ టీచరుకు నా ఫోన్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు కొట్టి, పంపే ముందు అలవాటు ప్రకారం నా ముక్కు కింద పెట్టింది. ముప్ఫై రెండేళ్లు ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసిన తాత ఇంట్లో ఉన్నందుకు ఆ పిల్లకు పడిన శిక్ష అది. వాక్యం నా కంటి కింద నుంచి దాటితే తప్ప గడప దాటదు. "మేమ్, అవ్వ ఐ ఆపరేషన్, టుడే లీవ్, గో హాస్పిటల్" అని ఉంది. 'టు' అనేది మచ్చుకైనా లేదు. సరిదిద్దడానికి నా వేలు దానంతటదే లేచింది, లేచి అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్లకు పైబడిన సంగతి ఒకటి ఆ ఫోన్లోంచి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

మా ఆవిడకు కూడా చెప్పని సంగతి అది. నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన వాళ్లకు కొంతైనా అర్థమవుతుంది.

పూతలపట్టు దగ్గర మెయిన్ రోడ్డు వదిలి నాలుగైదు మైళ్లు లోపలికి పోతే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో నా మొదటి ఉద్యోగం. ఇరవై నాలుగేళ్ల వాణ్ణి, పెళ్లి కాలేదు, రెండు తెల్ల చొక్కాలు, తల నిండా జుట్టు, దానికి తగ్గ పొగరు. చిత్తూరు బస్సు పదకొండు కాకముందే వచ్చి, డ్రైవరూ కండక్టరూ టిఫిన్ చేసుకున్నాక, పదకొండుంబావుకు హారన్ కొట్టి తిరిగి పోయేది. మళ్లీ రెండున్నరకే. మామిడికాయల గంపలు పోవాలన్నా, కోర్టు వాయిదాకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా ఊరంతటికీ ఆ రెండు బస్సులే దిక్కు.

ఆ బడిలో నేనొక నియమం పెట్టాను. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట వినపడకూడదు. బయటికి పోవాలన్నా, నీళ్లు తాగాలన్నా, "సార్, ఐ రిక్వెస్ట్ యువర్ పర్మిషన్" అని మొదలుపెట్టి పూర్తి వాక్యం చెప్పాలి. పిల్లల వీలు కోసం నల్లబల్ల పక్కన తెల్ల పెయింటుతో మూడు గళ్లు గీయించాను. మొదటి గడిలో నామవాచకాలు: పర్మిషన్, ఛాన్స్, డిజైర్. రెండో గడిలో 'టు' తగిలించిన క్రియలు: టు గో, టు సీ, టు డ్రింక్. మూడో గడిలో ఎక్కడికి, ఎవరితో, దేన్నుంచి అని చెప్పే మాటలు: టు చిత్తూర్, విత్ మై అంకుల్, ఫ్రమ్ ద వెల్. గడికొక ముక్క ఏరుకుని వరసగా పేర్చితే వాక్యం తయారు. ఇన్ఫినిటివ్ అనే మాట ఎత్తకుండానే ఇన్ఫినిటివ్ నేర్పించేశానని నాకు మహా గర్వం. ఊళ్లో కూడా దానికి మంచి పేరే వచ్చింది. ఒక రైతు టీ అంగడి దగ్గర నన్ను ఆపి, "మా వోడు సంగటి ముద్ద కావాలన్నా ఇంగిలీసులోనే అడగతా ఉండాడు సార్, వాళ్లమ్మకు అర్థంగాక పెట్టేదే లేదు" అని పగలబడి నవ్వాడు. నాకు టీ తాగించి మరీ పంపాడు.

ఇదంతా పిల్లల మీద కక్షతో చేసింది కాదు. నేను కాలేజీలో చేరిన కొత్తలో, తిరుపతిలో ఒక ఆఫీసు కిటికీ ముందు నిలబడి, హాస్టలు మారడానికి అనుమతి కావాలని ఇంగ్లీషులో అడగలేక చెమటలు కక్కితే, వెనకున్న వరసంతా నవ్వింది. నా పిల్లలు ఏ కిటికీ ముందూ అలా నిలబడకూడదని అనుకున్నాను. ఆ కిటికీని నేనే తీసుకొచ్చి ఆ పల్లెటూరి తరగతి గదిలో బిగించానని చాలా కాలం నాకు తట్టలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. మూడో బెంచీలో గోడ వైపు కూర్చునేది. లెక్కల్లో చురుకు, ఇంగ్లీషంటే వణుకు. వాళ్లమ్మను వారం కిందట చిత్తూరు పెద్దాసుపత్రిలో చేర్చారని నాకు తెలియదు. తెలుసుకునే అలవాటూ నాకు లేదు. ఆ రోజు ఇంటర్వెల్లో ఆమె మేనమామ పొద్దుటి బస్సులో వచ్చి, అమ్మకు మరీ బాగాలేదు, నిన్నే అడుగుతోంది, సారుకు చెప్పి రా, ఇదే బస్సులో పోదాం అని చెప్పి, తాను లోపలికి రావడానికి మొహమాటపడి బస్సు ఆగే చోటికి వెళ్లి నిలబడ్డాడట. ఇంటర్వెల్ అయిపోయి గంట కొట్టారు. తర్వాతి పీరియడు నాదే.

ఆ అమ్మాయి లేచింది. "సార్, పర్మిషన్" అంది. నేను బల్ల మీద రాస్తూనే తల తిప్పకుండా, ఫుల్ సెంటెన్స్ అన్నాను. కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచి, గళ్ల వంక చూస్తూ "సార్, ఐ రిక్వెస్ట్... పర్మిషన్ టు సీ... టు చిత్తూర్..." అని ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. చిత్తూరును చూడటానికా, అయితే అక్కడేముందో ఇంగ్లీషులో చెప్పు అన్నాను. అదొక పరిహాసమని నా ఉద్దేశం. పదకొండుంబావుకు హారన్ మోగింది. నాకూ వినిపించింది, రోజూ వినిపించేదే. ఆ అమ్మాయి మూడోసారి లేచి నిలబడింది. నోరు తెరిచింది గాని మాట రాలేదు. సిట్ డౌన్ అన్నాను. కూర్చుంది. పీరియడు చివరిదాకా ఆ మూడు గళ్లనే చూస్తూ ఉంది. పాఠం మీద శ్రద్ధ కుదిరిందనుకున్నాను నేను.

పన్నెండో రోజు కర్మ అయ్యాక మేనమామ ఆమెను బడికి తీసుకొచ్చి, వరండాలో నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మాటలో కోపం లేదు. "ఆ పొద్దు ఈ పిల్ల మీకు సెప్పనేలేదా సార్? నేను ఆడ సూస్తానే ఉండినా, బస్సు పాయ. రెండున్నర బస్సుకు పోతే, మేము సేరేదానికి అరగంట ముందర మాయక్క పానం పోయినాది. కడదాకా వాకిలి దిక్కే సూస్తా ఉండిందంట. ఈ పిల్లేమో బస్సులో దావ పొడుగునా ఏందో ఇంగిలీసు గొణుక్కుంటానే వచ్చినాది, మీ పాఠమేనేమో."

నాతో చెప్పలేదే, అన్నాను నేను.

ఆ రెండు మాటలూ తడుముకోకుండా, తప్పు లేకుండా, మంచి తెలుగులో వచ్చాయి. ఆ అమ్మాయి తలెత్తి నన్ను ఒక్కసారి చూసి మళ్లీ దించుకుంది. లేదు, చెప్పాను అని అనలేదు. మేనమామ ఆమె తల నిమిరి, సారుకు చెప్పాల్సింది కదమ్మా అని మెల్లగా మందలించి, బాగా చదివించండి సార్ అని నాకే దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను ఆ దండం తీసుకున్నాను.

తరగతిలోకి పోయి సుద్దముక్క అందుకునేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. "సార్, ఐ రిక్వెస్ట్ యువర్ పర్మిషన్ టు కమ్ ఇంటు ద క్లాస్" అంది. ఎక్కడా తొట్రుపాటు లేదు, ఒక్క ముక్క కూడా వరస తప్పలేదు. నా జీవితంలో ఏ విద్యార్థీ అంత నిర్దుష్టంగా చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు. నేను ఎస్ అనాలని ఎదురుచూస్తూ ఆమె అక్కడే నిలబడింది, ఎంతసేపో నాకు గుర్తులేదు.

మన మాటలో అయితే అమ్మ ముందొస్తుంది. అమ్మను చూసేదానికి పోవాల, ఇడిసిపెట్టండి సార్ అంటాం. అనుమతి సంగతి చిట్టచివర. తెలుగులో నోరు తెరవనిచ్చి ఉంటే ఆ రోజు నాకు వినపడే మొదటి మాట అమ్మే. ఇంత చిన్న విషయం నాకు తెలియక కాదు, రోజూ బల్ల మీద రెండు భాషల వరసనూ పోల్చి చెబుతూనే ఉన్నాను.

ఆ వారమే గళ్ల మీద నల్ల రంగు పూయించాను. హెడ్మాస్టరు గారు ముక్కుపొడుం పీలుస్తూ, "ఏమప్పా, ఇంగిలీసు దర్బారు ఎత్తేసినావంటనే?" అని ఎగతాళి చేశారు. రంగైతే పూశారు గాని, పొద్దున్నే తడి గుడ్డతో బల్ల తుడిచినప్పుడల్లా ఆ తెల్ల గీతలు అడుగు నుంచి పైకి తేలేవి. ఆరేదాకా నేను బల్ల వైపు చూసేవాణ్ణి కాదు. తర్వాత ఎన్నో బళ్లు మారాను. ఏ బడిలోనైనా ఒక పిల్ల లేచి సగం మాట అంటే చాలు, వెళ్లమని తలుపు చూపించేవాణ్ణి. మెతక మాస్టారని పేరొచ్చింది. దాన్ని మంచితనమనుకున్న వాళ్లూ ఉన్నారు.

ఆ అమ్మాయి పదో తరగతి పాసయి, పెళ్లై ఏర్పేడు వైపు వెళ్లిందని విన్నాను. ఇప్పుడు అరవైకి దగ్గర పడి ఉంటుంది. ఏర్పేడు మీదుగా ఎప్పుడు పోయినా బస్సు కిటికీలోంచి ఆ ఈడు ఆడవాళ్ల ముఖాలు వెతుకుతాను. కనిపిస్తే ఏం చెప్పాలో తెలుసు, ఆ రోజు వరండాలో, చెప్పానని నువ్వెందుకు అనలేదమ్మా అని అడగాలనీ ఉంది. కనిపించినా దిగుతానో లేదో మాత్రం తెలియదు.

"తాతా, తప్పులుంటే చెప్పు, టైమవుతా ఉండాది" అంది మనవరాలు. సరిగ్గానే ఉంది, పంపు అన్నాను. నా నోట ఆ మాట విని వింతగా చూసి, పంపేసింది. నిమిషం కాకముందే టీచరు దగ్గర నుంచి జవాబొచ్చింది. అక్షరం లేదు, ఉత్త బొటనవేలి బొమ్మ. మా కాలంలో పిల్లలు వాక్యాలు నేర్చుకున్నారు, ఈ కాలం పిల్లలకు వాక్యాలు రావు, వాళ్లను చూసి నాలాంటి వాళ్లం పళ్లు నూరుకుంటూ ఉంటాం. ఆ పిల్ల చెప్పులు వేసుకుని అవ్వ చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే, నేను ఆ బొటనవేలి బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆనాడు నేను చేయాల్సిందీ అంతే. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఒక్కసారి తలుపు వైపు చూపించి ఉంటే సరిపోయేది.