నీళ్లు చల్లిన బరువు

నా భార్యను వీపున ఎక్కించుకుని మెట్లెక్కడం నాకు ఇష్టమైన పని. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతుంది.

బతకడానికొచ్చిన ఈ గుజరాతీ మగ్గాల ఊళ్లో, పర్వత్ పాటియాలో మాది రెండో అంతస్తులో గది. కింద అంతా మగ్గాలు. గదికి కిటికీ ఉంది కానీ చేయి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుంది. ఎండ కావాలంటే ఇరవై రెండు మెట్లెక్కి డాబా మీదికి పోవాలి. నిరుడు ఆమె బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల రాడ్ వేశారు. వాకర్ పట్టుకుని గదిలో తిరుగుతుంది, మెట్లెక్కడం మాత్రం రాలేదు. పొద్దున పూట డాబా మీద ఆడవాళ్లు చేరి చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు. ముప్పై ఏళ్లుగా ఆమె మాటా నవ్వూ తగాదా అన్నీ అక్కడే. అందుకని రోజూ నేనే మోసుకెళ్లేవాణ్ణి. కొడుకు కడోదరాలో మిల్లు దగ్గరే ఉంటాడు, ఆదివారం వస్తాడు. వారానికి ఒక్క పూట ఎండ ఎవరికి చాలుతుంది?

ఆ మెట్ల మీద నాకు సగం నిద్రలో ఉన్నట్టుండేది. మగ్గాల మోత మొదటి మలుపు దాకా వెంట వచ్చేది. ఆ తర్వాత ఎక్కడో ఏటి అవతల వాన కురుస్తున్నట్టు మారిపోయేది. పైనుంచి దిగే వెలుతురులో దారపు నూగు తేలుతుండేది, ఎటూ పోకుండా, కిందా పడకుండా. ఆమె ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగిలేది. నేను ఆమెను మోస్తున్నానో, ఆమే నన్ను పైకి లాగుతోందో తెలిసేది కాదు.

చలి వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున పదో మెట్టు మీద నా తొడలు వణికాయి.

"ఏమయ్యా, భూకంపమొచ్చిందా?" అంది వెనకనుంచి.

"నువ్వు బరువైనవ్."

"నేనా? మంచంల పడి ఎండుచేప లెక్కయిన. నీ కాళ్లే పొయినయ్. జర సూపిచ్చుకో."

ఆమెకు కసరత్తు చెప్పే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మా వైపు మగ్గం పనివాడి బిడ్డే, ఇక్కడే పుట్టి పెరిగింది. చెప్పులు విప్పించి ఒక మిషన్ ఎక్కించింది, రెండు పిడులు పట్టుకోమంది.

"అరవై రెండు కిలోలు," అంది.

"పదేండ్ల కింద గూడ గంతే," అన్నాను గర్వంగా.

"వజన్ సేమ్ ఉంటే ఏంది కాకా, లోపల మాల్ మారింది. కొవ్వు పెరిగింది, కండ తగ్గింది. కాంటాకు రెండూ ఒకటే."

బరువులోంచి కొవ్వు తీసేస్తే మిగిలేది కండ, ఎముక, ఒంట్లోని నీరు, లోపలి అవయవాలు. మనిషిని నిలబెట్టేది అదేనట. మిషన్ దాన్ని తూచదు, అంచనా వేస్తుంది. ఒంట్లో నీరు హెచ్చినా తగ్గినా అంచనా తప్పుతుంది కాబట్టి ఎప్పుడొచ్చినా పొద్దున్నే ఖాళీ కడుపుతో రమ్మంది. తర్వాత చేతులు గుండెల మీద కట్టించి, కుర్చీలోంచి లేచి కూర్చోమంది. ఏడుసార్లు లేచాను. ఎనిమిదోసారి కుర్చీ నన్ను వదల్లేదు. పిక్క చుట్టూ టేపు పెట్టి ఏదో రాసుకుంది.

"ఏం తింటున్నరు?"

"పొద్దున చాయ్, శెనగపిండి గాంఠియా. పగటీలి అన్నం, తొక్కు. మాపటికి చాయ్, రొట్టె."

"మరి కండ దేనితోటి కడ్తరు కాకా? చాయ్‌తోనా?"

పూటపూటా పప్పో పెరుగో గుడ్డో ఉండాలంది. కుర్చీ కసరత్తు చెప్పింది, బరువు కొద్దికొద్దిగా ఎత్తమంది. ఆరు వారాల తర్వాత చూసి చెబుతానంది. "అప్పటిదాకా కాకీని మొయ్యొద్దు. పడితే ఇద్దరూ పడ్తరు."

మా ఓనరు శాకాహారి, గదిలో గుడ్డు వండనివ్వడు. వీధి చివర బండి దగ్గర నిలబడి ఉడికిన గుడ్లు తిని, ఆమె వాటా జేబులో పెట్టుకుని దొంగసరుకులా తెచ్చేవాణ్ణి. తినడం బాగానే సాగింది. కసరత్తే సాగలేదు. కుర్చీలోంచి లేచి మళ్లీ అందులోనే కూర్చోవడం ఏం పని? నూలు చుట్టిన మగ్గం బీములు భుజాన మోసినవాణ్ణి నేను. నాలుగుసార్లు లేచి ఇక చాలనుకునేవాణ్ణి.

ఆమె డాబా సంగతి అడగలేదు. అడిగితే కసిరేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి. పైనుంచి ఆడవాళ్ల నవ్వులు వినబడితే తలెత్తి సీలింగు వైపు చూసేది, నీళ్ల అడుగున ఉన్న మనిషి పైన పోయే పడవను చూసినట్టు. ఆ చూపు నాకు కలలోకి వచ్చేది. కలలో నేను మగ్గం మీది బట్టనై ఉండేవాణ్ణి, పలచగా, అవతలి గోడ కనబడేంత పలచగా.

ఆరో వారం వచ్చింది. నా చిన్నతనంలో మా ఊళ్లో సేటు నూలు తూచి ఇచ్చి, నేసిన బట్ట తూచి తీసుకునేవాడు. తరుగు కనబడేటట్టుంటే గంజి దట్టంగా పట్టించి, పైన నీళ్లు చల్లి, తడి ఆరకముందే పట్టుకెళ్లేవాళ్లం. కాంటా కిక్కురుమనేది కాదు. ఆ బుద్ధి నన్ను వదల్లేదు. ముందురోజు నుంచే ఉప్పు మజ్జిగ, నీళ్లు చెంబులకొద్దీ తాగాను. ఖాళీ కడుపేనా అంటే అవునన్నాను. మిషన్ కిలోన్నర ఎక్కువ చూపించింది, అదీ కండ పక్కన. అమ్మాయి నొసలు ముడిచి, "కుర్చీ మీద గూడ చూద్దాం," అంది. పని ఉందని చెప్పి కాగితం తీసుకుని వచ్చేశాను.

నీళ్లు చల్లింది నేనే. అయినా ఆ కాగితం చూసుకుని నేనే నమ్మాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, అచ్చులో ఉన్నదాన్ని అనుమానించడం నాకింకా రాలేదు.

మర్నాడు ఆమెను ఎత్తుకున్నాను. పదిహేనో మెట్టు మీద మోకాలు మడతపడింది. ముందుకు వంగి రెండు చేతులూ మెట్టుకు ఆన్చాను. ఆమె కడ్డీ దొరకబుచ్చుకుంది. మోచేయి గోడకు గీసుకుని తోలు లేచిపోయింది. ఇద్దరం అక్కడే కూలబడ్డాం. నూగు మా మీదుగా తేలిపోతూనే ఉంది.

"కాయితం మీద పెరిగిందన్నవ్ గదా?"

"నీళ్లు తాగి పొయిన."

మోచేతి మీద ఉమ్మి రాసుకుంది.

"సేటును జేసినట్టు నన్ను జేసినవా? గా బట్ట సేటు కట్టుకోలే. నీ ఈపు మీద కూసున్నది నేను."

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "కుర్చీ ఇటు దెచ్చి నా ముంగటెయ్యి," అంది. అమ్మాయిని అడిగి తనూ మొదలుపెట్టింది, వాకర్ పట్టుకుని. ఎదురెదురుగా కూర్చుని లేచేవాళ్లం. లెక్క ఆమెదే.

"తొమ్మిది... పది... చెయ్యి పెట్టినవ్! పది కొట్టెయ్."

"పెట్టలే."

"కండ్లు పొయినయ్ అనుకున్నవా? మల్ల లెవ్వు."

వానలు వచ్చాయి, పోయాయి. సంచిలో దారం చుట్టే ఖాళీ బాబిన్లు వేసుకుని మెట్లెక్కేవాణ్ణి, ముందు సగం సంచి, తర్వాత నిండుగా. నేను మునుపటి మనిషిని కాలేదు, కాను కూడా. ఈ వయసులో ఉన్నది జారిపోకుండా పట్టుకోవడమే పెద్ద పని, అదీ రోజూ చెయ్యాలి. ఒక్క వారం జ్వరంతో పడుకుంటే తొడలు మళ్లీ మొదటికొచ్చాయి.

వానలు వెలిశాక ఒక పొద్దున, "ముందుగాల నేను నడుస్త, నువ్వు ఎనకుండు," అంది. అమ్మాయి కూడా సరేనంది. కడ్డీ పట్టుకుని, మంచి కాలు పైకేసి రెండోది లాక్కుంటూ ఎనిమిది మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టుకు ఒక్కో తిట్టు, నాకే. మిగిలిన పద్నాలుగూ నా వీపున. మలుపు దగ్గర ఆగి గోడకు ఆనుకున్నాను. ఆగడానికి సిగ్గుపడలేదు.

పైన ఆడవాళ్లు చీరలు పక్కకు జరిపి చోటిచ్చారు. ఆమెను దించి, ఎదురుగా నిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాను. ఎవరో కత్తెర చేతికిచ్చారు. ఒక చీర ఒళ్లోకి లాక్కుని దారం వెతుక్కుంటూ, తలెత్తకుండానే అంది:

"దూరం జరుగు. ఎండకు అడ్డమున్నవ్."

జరిగాను.