డోర్నకల్ నుంచి వరంగల్‌కు ఒక అద్దంతో

ఆరంగుళాల గాజుబిళ్లను టెలిస్కోపు అద్దంగా అరగదీయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. పని ముగిసేసరికి కుడి భుజం పట్టేసింది. వంపు తప్పితే మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. భుజం అందుకు ఒప్పుకోదు. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను పట్టే పరికరాలపై వరంగల్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధిస్తున్న ప్రొఫెసర్ మేడంకు ఫోన్ చేస్తే, అద్దం తెస్తే పరీక్షిస్తానన్నారు.

డోర్నకల్‌లో పొద్దున్నే రైలెక్కితే రెండు గంటల్లోపే వరంగల్. అద్దాన్ని దుప్పట్లో చుట్టి దారంతా ఒళ్లో పెట్టుకున్నాను. స్టేషన్ బయట కాలేజీకి ఆటో నూట యాభై.

“ఏందన్నా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్?” అన్నాడు డ్రైవర్.

“అద్దం. నేనే అరగదీసిన.”

“ముందుగాల చెప్పొద్దా! గుంతలు తప్పిచ్చుకుంట పోత, ఫికర్ చెయ్యకు.”

ల్యాబ్‌లో ఏసీ చల్లగా ఉంది. మేడం సన్నని దీపపు వెలుగును అద్దం మీద పడేసి, తిరిగొచ్చే వెలుగుకు బ్లేడు అంచు అడ్డంపెట్టి చూశారు. వంపు ఎక్కడ తప్పిందో గాజు మీద పడే నీడలే చెప్తాయి, కానీ అవి నిలకడగా లేవు.

“ఎట్ల తెచ్చిన్రు?”

“దుప్పట్ల చుట్టి, ఒళ్లో పెట్టుకొని.”

“గదీ సంగతి. మీ ఒంటి వేడంత దానికే పట్టింది, వేడికి గాజు వంపు మారుతది. ఒక గంట సల్లారనీయున్రి.”

ఆ గంటలో తన ప్రయోగాల బల్ల చూపించారు. దాని మీద ఒక దీపం నక్షత్రం లెక్క. దాని పక్కనే కనీకనిపించని చిన్న వెలుగు గ్రహం. దీపం వెలుగుకు నల్లని చుక్క అడ్డంపెట్టారు. దాని చుట్టూ మిగిలిన వెలుగును ఇంకో పలక ఆపింది. అప్పుడు తెర మీద గ్రహం తేలింది.

మళ్లీ అద్దం చూశారు. ఈసారి నీడలు కదల్లేదు, కానీ అంచు చుట్టూ ఒక సన్నని మెరుపు.

“నడుమ మంచిగుంది. అంచు ఎక్కువ అరిగి కిందికి జారింది.”

“మళ్ల రుద్దాల్నా?”

“ఓపికుంటే రుద్దున్రి. లేకుంటే నల్ల కాగితం రింగు కోసి అంచు మీద పెట్టున్రి. పాడుచేసే వెలుగును ఆపుడే కదా, బల్ల మీద నేను చేస్తాంది గదే.”

కాగితం అక్కడే కోసి అంచు మీద పెట్టి మళ్లీ చూశాం. చెదిరిన వెలుగు ఒక్క చుక్కగా కుదిరింది.

ఈ అద్దంతో ఆ దూరపు గ్రహాలేవీ కనిపించవు. చంద్రుడు, శని చాలు. ఆరంగుళాలూ పనికిరావాలనుకుని వెళ్లాను, రింగు కప్పింది పోను ఐదున్నరతో తిరిగొచ్చాను. రైల్లో భుజం సంగతి గుర్తుకే రాలేదు.

అద్దం పరీక్షకు వెళ్లేవారు దాన్ని ఒళ్లో కాకుండా చెక్కపెట్టెలో తీసుకెళ్లండి. చేరాక గంటసేపు ముట్టుకోకండి.